గూడ్సుబండిని లాగు బలము – వాడీ రైలుదారి చరిత్రలో ఒక అధ్యాయము

చేవెళ్ళకు గాని మొయినాబాదుకు గాని రైలు స్టేషను లేదు. హైదరాబాదు నుండి పడమటికి పోవు పెద్దబాట మఱ్ఱిచెట్ల నీడన ఈ రెండు ఊళ్ళమీదుగా సాగును. ఇనుపదారి మాత్రము వీనికి ఉత్తరముగా లింగంపల్లి, శంకర్‌పల్లి గ్రామములను తాకుచు వికారాబాదు చేరి, అచ్చటినుండి తాండూరు దాటి వాడీ జంక్షనులో కలియును. పనిమీద శంకర్‌పల్లి పోయినవారు గేటువద్ద నిలిచి గూడ్సుబండిని చూచుట పరిపాటి. ఒక పెట్టె వెనుక నొక పెట్టెగా ఏబదికి పైబడి పెట్టెలు పోవుచుండును. నిండుబండి యైనచో దాని బరువు నాలుగువేల టన్నులకు మించును. ముందున్న ఇంజను బరువు నూటయిరువదిమూడు టన్నులు మాత్రమే. తనకంటె ముప్పదిరెట్లు అధికమైన బరువును ఆ ఇంజను ఎట్లు కదలించుచున్నది? ఆ బలము ఎచ్చటిది? దానికి వెల యిచ్చినవారెవరు? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకినచో నూటయేబది సంవత్సరముల చరిత్ర కన్నులయెదుట నిలుచును.

భారతమందలి నలోపాఖ్యానము చదివినవారికి బాహుకుని రథము జ్ఞాపకముండును. ఋతుపర్ణుని ఉత్తరీయము జారిపడి, దానిని తీసికొనుటకు రథమాపుమని యతడు చెప్పునంతలోనే రథము ఆమడ దూరము గడచిపోయెనట. గుఱ్ఱములు చూపునకు సామాన్యమైనవే, సారథి మాత్రము అశ్వహృదయ మెరిగినవాడు. గుఱ్ఱమునకు హృదయమున్నట్లే ఇంజనునకును ఒక హృదయము కలదు. అది ఇరుసు ప్రక్కన దాగియుండు మోటారు.

మొదట దారి సంగతి. బొంబాయి–మద్రాసు రైలుమార్గము 1871లో పూర్తియయ్యెను. అది నిజాము రాజ్యపు పడమటి భాగముగుండా పోయినను రాజధానికి దూరముగానే పోయెను. హైదరాబాదును దానితో కలుపవలెనని సంకల్పము కలిగెను. నవాబు మీర్ మహబూబ్ అలీ ఖాన్ అప్పటికి పసిబాలుడు. రాజ్యభారము వహించినవాడు దివాను మొదటి సాలార్‌జంగు. వాడీ నుండి సికింద్రాబాదు వరకు నూటయిరువది మైళ్ళ వెడల్పుపట్టాల దారి నిజాము సొమ్ముతో నిర్మింపబడి 1874 అక్టోబరులో తెరువబడెను. శంకర్‌పల్లి, వికారాబాదు ప్రాంతములవారు పొగబండి కూతను మొదట వినినది అప్పుడే.

ఆ వెనుక ఈ దారిని తూర్పునకు పొడిగింపవలెనను యోచన పుట్టెను. 1883లో లండనునందలి కంపెనీతో ఒడంబడిక కుదిరెను. కంపెనీ పెట్టు మూలధనముపై నూటికి ఐదు వంతున ఇరువది యేండ్లవరకు ఆదాయమునకు నిజాము ప్రభుత్వము హామీ యిచ్చెను. బండి నిండినను నిండకున్నను వాటాదారునకు వడ్డీ తప్పదు. లోటు వచ్చినచో తీర్చవలసినది రైతు కట్టిన శిస్తుతో నిండిన ఖజానాయే. ఆ వ్యవహారపు వివరములు జనుల యెదుట పెట్టవలెనని విద్యావంతులు కొందరు కోరిరి. చాందా రైల్వే వివాదమని చరిత్రలో చెప్పబడునది ఇదియే. సరోజినీ నాయుడు తండ్రియు, హైదరాబాదు కళాశాలాధ్యక్షుడునైన అఘోరనాథ చట్టోపాధ్యాయుడు ఆ సందర్భముననే 1883లో రాజ్యమునుండి వెడలగొట్టబడెను. ఆయన తరువాత మరలివచ్చినను, లెక్కయడిగినందుకు దేశము విడువవలసి వచ్చిన సంగతి మరువరానిది. హైదరాబాదు రాజ్యములో ప్రజాభిప్రాయమనునది తల యెత్తిన తొలి సందర్భములలో ఇది యొకటి.

దారి 1889 నాటికి బెజవాడ చేరెను. ఆ సంవత్సరముననే ఇల్లెందు ప్రాంతమున బొగ్గు త్రవ్వకము మొదలయ్యెను. బొగ్గునకు రైలు కావలెను. రైలునకు బొగ్గు కావలెను. ఒకదాని నొకటి పోషించుకొనుచు రెండును పెరిగెను. 1930లో నిజాము ప్రభుత్వము రైలును కంపెనీనుండి తన చేతిలోనికి తీసికొనెను. 1932లో ఆ రైల్వేశాఖయే ఇరువదియేడు బస్సులతో రోడ్డు రవాణాను ఆరంభించెను. ఈ దారి 1951లో మధ్య రైల్వేలోను, 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రముగా నేర్పడిన దక్షిణ మధ్య రైల్వేలోను చేరెను.

ఇక బలము సంగతి. పొగబండిలో ఆవిరి ముషలమును త్రోయును. ముషలము కడ్డీని, కడ్డీ చక్రమును త్రిప్పును. ఆ త్రోపు ఎల్లవేళల ఒక్కతీరుగా ఉండదు. రోకటిపోటువలె ఒకసారి హెచ్చి ఒకసారి తగ్గును. హెచ్చిన క్షణమున చక్రము జారవచ్చును. తగ్గిన క్షణమున బరువు వెనుకకు లాగవచ్చును. బొగ్గు వేసి, నీరు నింపి, గంటలకొలది ముందుగా మంట రగిల్చినగాని ఇంజను కదలదు. పొయ్యిలో పుట్టిన వేడిలో నూటికి పదివంతులైనను లాగుటకు వినియోగపడుట అరుదు. మిక్కిలి భాగము పొగగొట్టము పాలగును.

విద్యుత్తు ఈ చిక్కును విప్పెను. అయస్కాంతమునకును విద్యుత్ప్రవాహమునకును గల సంబంధమును ఫారడే 1831 నాటికి పరీక్షలతో రుజువుచేసెను. 1879లో బెర్లిను ప్రదర్శనశాలలో సీమెన్సు చిన్న విద్యుత్ ఇంజనును నడిపించి చూపెను. 1888లో అమెరికాలోని రిచ్‌మండు పట్టణమున స్ప్రేగు అను ఇంజనీరు ట్రాము బండ్లకు మోటారులను అమర్చెను. మోటారు బరువును కొంత ఇరుసుమీదను కొంత బండిచట్రము మీదను మోపి, పళ్ళచక్రములతో ఇరుసును త్రిప్పు పద్ధతి అప్పుడు స్థిరపడెను. నేటి గూడ్సు ఇంజనులు అనేకములలో ఆ పద్ధతియే నడచుచున్నది. భారతదేశమున మొదటి విద్యుత్ రైలు 1925 ఫిబ్రవరి 3న బొంబాయిలో నడచెను.

మోటారు పనిచేయు తీరు కష్టమైనది కాదు. ఒక తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించిన నది అయస్కాంతమగును. దానిని మరియొక అయస్కాంతము నడుమ నిలిపినచో రెండును ఒండొంటిని త్రోసికొని, లోపలి చుట్ట తిరుగును. పాత మోటారులలో లోపలి చుట్టకును వెలుపలి చుట్టకును ఒక్క ప్రవాహమే వరుసగా పోవును. బండి నిలిచియున్నప్పుడు ప్రవాహము అధికము. రెండు చుట్టలును ఒక్కమారు బలపడును గనుక త్రిప్పుడు బలము మిక్కుటమగును. బండి వేగమందుకొన్నకొలది, తిరుగుచున్న మోటారు తానే ఎదురు విద్యుత్తును పుట్టించి ప్రవాహమును తగ్గించుకొనును. కావున కదలించునప్పుడు బలము, పరుగెత్తునప్పుడు వేగము తమంతట తామే సమకూరును. దిగబడిన బండిని లేపునప్పుడు ఎడ్లు మోకాళ్ళు వంచి మెల్లగా, బలముగా లాగి, బాట దొరికిన పిదప తేలికగా నడచినట్లే యిది.

అయినను మోటారు బలమొక్కటియే చాలదు. నల్లరేగడిలో వానవెలసిన వేళ బండి తోలినవారెరుగుదురు: ఎడ్లకు సత్తువ యుండియు గిట్ట జారినచో బండి కదలదు. ఇనుపచక్రము ఇనుపపట్టాను తాకు చోటు బొటనవ్రేలి గోరంత. ఇంజను బరువంతయు అట్టి పండ్రెండు చోట్లమీదనే నిలుచును. ఆ పట్టు తన బరువులో మూడవ వంతునకు కొంచెము ఇటునటుగా లాగుటకు మాత్రమే తోడ్పడును. అంతకు మించి త్రిప్పినచో చక్రము నిలిచినచోటనే గిర్రున తిరుగును. అందుచేతనే గూడ్సు ఇంజనును కావలెననియే బరువుగా చేయుదురు. పట్టా తడిసినప్పుడు చక్రము ముందు ఇసుక రాల్చు గొట్టములును అందుకే. మోటబావి కట్టిన పూర్వులకు ఈ మర్మము తెలియును. ఎడ్లు పల్లమునకు దిగుచు మోటను లాగునట్లు వాలుబాట త్రవ్వి, వాని సత్తువకు వాని బరువునుకూడ తోడుచేసిరి.

లెక్క చూచినచో సంగతి తేటపడును. చదునైన దారిమీద మెల్లగా నడచుచున్న బండికి టన్నునకు రెండు కిలోల లాగుడు చాలును. కదలించునప్పుడు ఇంకను ఎక్కువ కావలెను. నాలుగువేల టన్నుల బండికి చదునున ఎనిమిది టన్నుల లాగుడు. రెండువందల అడుగులకు ఒక అడుగు లేచు ఎత్తుమీద టన్నునకు మరి ఐదు కిలోలు చేరి మొత్తము ఇరువదియెనిమిది టన్నులగును. నూరడుగులకు ఒక అడుగు లేచినచో నలుబదియెనిమిది టన్నులు. కంటికి కనబడని ఎత్తు ఇంజనునకు కొండయగును.

వాడీ దారిలో ఈ లెక్కకు అర్థమున్నది. మూసీ పుట్టిన అనంతగిరి కొండల చెంత వికారాబాదు ఆరువందల మీటర్లకు పైబడిన ఎత్తున నున్నది. తాండూరు అంతకంటె చాల పల్లమున నున్నది. తాండూరు నాపరాతికిని సిమెంటుకును పేరుపొందినది. అచ్చట నిండిన బండి తూర్పునకు వచ్చునప్పుడు ఎత్తు ఎక్కక తప్పదు. ఆ ఎత్తును నూటయేబది మీటర్లుగానే లెక్కించినను, నాలుగువేల టన్నులను అంతమేర లేపుటకు పదునారువందల యూనిట్ల విద్యుత్తు కావలెను. ఒక సామాన్య గృహమునకు అది సంవత్సరముపాటు వచ్చును.

పొగబండి తరువాత డీసెలు ఇంజను వచ్చెను. వారణాసి కర్మాగారమున 1964 నుండి తయారైన డీసెలు ఇంజను రెండువేల ఆరువందల అశ్వశక్తి కలది. డీసెలు యంత్రము చక్రమును నేరుగా త్రిప్పుననుకొనుట పొరపాటు. అది విద్యుత్తును పుట్టించును. ఆ విద్యుత్తు ఆరు ఇరుసులకడనున్న ఆరు మోటారులకు పోవును. కదలించునప్పుడు దాని లాగుడు ముప్పది టన్నులు. చిత్తరంజను కర్మాగారమున 1950లో పొగ ఇంజనుల తయారీ మొదలై 1972లో ముగిసెను. 1961 నుండి అచ్చటనే విద్యుత్ ఇంజనుల తయారీ సాగుచున్నది.

1990 తరువాత మోటారులోనే మార్పు వచ్చెను. పాత మోటారులో లోపలి చుట్టకు విద్యుత్తును అందించు బొగ్గుబిళ్ళలుండును. అవి అరుగును, నిప్పురవ్వలు రాలును, మాటిమాటికి మార్చవలెను. క్రొత్త మోటారులో అవి లేవు. మూడు తీగలలో ఒకదాని వెనుక నొకటిగా వచ్చు విద్యుత్తు సుడివలె తిరుగు అయస్కాంత క్షేత్రమును కల్పించును; లోపలి ఇనుపగుండు దానిని వెంబడించి తిరుగును. ఈ సూత్రము 1888 నాటికే టెస్లా మొదలగువారికి తెలిసినదే. ఆ సుడి వేగమును ఎప్పటికప్పుడు మార్చగల సాధనములు రైలింజనులో ఇముడునట్లు తయారగుటకు మాత్రము నూరేండ్లు పట్టెను. ఇట్టి ఆరువేల అశ్వశక్తి ఇంజను 1990లలో విదేశీ పరిజ్ఞానముతో వచ్చి చిత్తరంజనులో తయారగుచున్నది. దాని చక్రము ఒకమారు తిరుగునంతలో మోటారు అయిదుమార్లకు మించి తిరుగును. చక్రము జారబోవుటను కనిపెట్టి ఆ క్షణమందే బలమును తగ్గించును. తొలుత లాగుడు రమారమి నలుబదియారు టన్నులు. గంటకు ముప్పదియారు కిలోమీటర్ల వేగమువరకు ఆ లాగుడు నిలుచును. డెబ్బదిరెండు కిలోమీటర్ల వేగమున సగమగును. వేగము హెచ్చిన లాగుడు తగ్గును, అశ్వశక్తి ఒక్కటే. బిహారులోని మధేపురాలో తయారై 2020లో పనిలోనికి దిగిన ఇంజను పండ్రెండువేల అశ్వశక్తి కలది.

మోటారునకు ఇంకొక గుణము కలదు. త్రిప్పిన అది తిరుగును. దానిని బలవంతముగా త్రిప్పినచో విద్యుత్తును పుట్టించుచు అడ్డుపడును. పల్లమునకు దిగు బండిని ఈ గుణముతోనే నిలువరింతురు. బైలడిలా ఇనుపఖనిజము విశాఖపట్టణము చేరు కొత్తవలస–కిరండూలు దారిలో బండ్లు వేయి మీటర్ల ఎత్తుగల శిమిలిగూడ వైపునుండి సముద్రతీరమునకు దిగును. అచ్చట లాగుటకంటె ఆపుటయే గొప్ప పని. క్రొత్త ఇంజనులు అట్లు పుట్టిన విద్యుత్తును మరల తీగకే ఇచ్చివేయును.

ఇందు పల్లెవాసులు ముఖ్యముగా గ్రహింపవలసిన దొకటి కలదు. లాగుటకు హద్దుగానున్న ఆ గోరంత పట్టే ఆపుటకును హద్దు. వేగముగా వచ్చు బండి, డ్రైవరు మనిషిని చూచి బ్రేకు వేసినను, వందలకొలది గజములు, ఒక్కొక్కప్పుడు కిలోమీటరుకూడ సాగిపోయినగాని నిలువదు. అది డ్రైవరు నిర్దయ కాదు. ఇనుముమీద ఇనుము నడచు ధర్మము. 2014 జులై 24న మెదకు జిల్లా మాసాయిపేటవద్ద కాపలాలేని గేటు దాటుచున్న బడిబస్సును రైలు ఢీకొనగా పలువురు పసిపిల్లలు ప్రాణములు కోల్పోయిరి. వెడల్పుపట్టాల దారులలో కాపలాలేని గేట్లు 2019 జనవరి నాటికి తొలగింపబడినవి. అయినను గేటు పడినపిదప క్రిందనుండి దూరు అలవాటు తొలగలేదు. బరువు, పట్టు, వేగము అను మూడింటి లెక్క తెలిసినవాడు ఆ సాహసము చేయడు.

నేడు వాడీ దారి విద్యుదీకరింపబడినది. ఒకనాడు ఇంజను పొయ్యిలో మండిన సింగరేణి బొగ్గు నేడు రామగుండము మొదలగు కేంద్రములలో మండి తీగలగుండా బలమును పంపుచున్నది. ఆ బొగ్గును మోయునదియు ఆ బలముతో కదలు గూడ్సుబండియే. 1883లో విద్యావంతులు కోరినది రైలు వలదని కాదు. దాని లెక్క జనులకు తెలియవలెనని. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపించినవారి ఆశయమును, 1906లో విజ్ఞానచంద్రికా మండలి నెలకొల్పి తెలుగున శాస్త్రగ్రంథములు వెలువరించినవారి ఆశయమును అట్టిదే: తెలియదగినది తెలుగువానికి తెలుగున తెలియవలెను. ఇరువదియైదేండ్లు నిండిన గ్రామ గ్రంథాలయము ఆ దారిలోని ఒక చిన్న స్టేషను. ఇచ్చట ఒక బాలుడు పుస్తకము తెరచి, మరునాడు శంకర్‌పల్లి గేటువద్ద నిలిచి బండిపెట్టెలు లెక్కించుచు, దాని బరువెంత, లాగుడెంతయని తనలో తాను గుణించుకొనినచో గ్రంథాలయము పని నెరవేరినట్లే.