పునుకుల నేర్పిన వేప పాఠం



మన చరిత్ర అంటే పోరాటాలు, జాతరలు మాత్రమే కాదు. చేలో పురుగుతో మనవాళ్లు పడిన తిప్పలు, వాటి నుంచి బయటపడిన తీరు కూడా చరిత్రే. ఈ సంచికలో పునుకుల గురించి చెబుతాను.

పునుకుల ఉమ్మడి ఖమ్మం జిల్లా, పాల్వంచ మండలంలోని ఊరు. ఇప్పుడది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. అక్కడి గిరిజన రైతులు పత్తి పండించేవారు. శనగపచ్చ పురుగు, పొగాకు లద్దె పురుగు పడితే మందు కొట్టేవారు. పురుగు చావకపోతే అంతకన్నా ఘాటైనది కొట్టేవారు. మందును అరువుకిచ్చే వ్యాపారే అప్పు కూడా ఇచ్చేవాడు. పంట చేతికొచ్చేసరికి మిగిలేది బాకీయే. 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి రైతుల ఆత్మహత్యలకు ఇలాంటి అప్పులూ ఒక కారణం.

సెక్యూర్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో కొందరు రైతులు దారి మార్చారు. మందు కొట్టి ఒళ్లు పాడుచేసుకుంటున్న మగవాళ్లను, పెరిగే అప్పులను చూసిన మహిళా సంఘాలు ఈ మార్పుకు గట్టిగా నిలబడ్డాయి. 2003 నాటికి ఊళ్లో చాలామంది రసాయన మందులు మానేశారు. 2004లో పంచాయతీ తమది పురుగుమందులు లేని ఊరని తీర్మానించింది. ఆ తర్వాత 2005 నుంచి ప్రభుత్వం ఈ పద్ధతిని మహిళా సంఘాల ద్వారా ఇతర జిల్లాలకూ తీసుకెళ్లింది.

వాళ్లు చేసింది మంత్రం కాదు. వేసవిలో లోతు దుక్కి చేశారు. గట్ల మీద ఆముదం, బంతి వేశారు. లద్దె పురుగు ఆముదం మీద, పచ్చపురుగు బంతి మీద ముందు గుడ్లు పెడుతుంది, అక్కడే ఏరేయవచ్చు. ఇక వేప గింజల కషాయం. 5 కిలోల వేపపప్పు పొడిని రాత్రంతా నీళ్లలో నానబెట్టి, గుడ్డలో వడకట్టి, 100 లీటర్లు చేసి, కొంచెం సబ్బుపొడి కలిపి సాయంత్రం పిచికారీ చేయాలి. ఎండకు దాని శక్తి తగ్గిపోతుంది కాబట్టే సాయంత్రం. ఇది పురుగును వెంటనే చంపదు. ఆకు తిననివ్వదు, ఎదగనివ్వదు. అందుకే గుడ్లు, చిన్న పురుగులు కనిపించినప్పుడే కొట్టాలి.

మొక్క నుంచి వచ్చిందల్లా మంచిదేనని అనుకోకండి. పొగాకు కషాయం మనిషికీ విషమే.

ఇంకో సంగతి. వేపనూనెతో శిలీంధ్రాలను అరికట్టే పద్ధతి మీద ఒక అమెరికా కంపెనీకి, ఆ దేశ వ్యవసాయ శాఖకు 1994లో యూరప్‌లో పేటెంట్ వచ్చింది. భారతదేశంలో అది ముందునుంచే వాడుకలో ఉందని ఆధారాలు చూపడంతో 2000లో రద్దయింది. 2005లో అప్పీలులోనూ ఆ రద్దే నిలిచింది. గెలిపించింది ఆధారమే.

మరి మన అవ్వాతాతలకు తెలిసినదానికి ఆధారం ఏది? ఏ ఆకు, ఏ పంటకు, ఏ నెలలో అని ఈ సెలవుల్లో వాళ్లను అడిగి రాసుకోండి. చెట్టు పేరు మన భాషలో కూడా రాయండి. వాళ్లు ఉండగానే అడగండి.

మీ వార్డెనక్క