వరిమడిలో కలుపు గింజల కథ

టెక్కలి, పలాస ప్రాంతాలలో వరిని రెండు విధాలుగా పండిస్తారు. ఆకుమడిలో పెంచిన నారును దమ్ము చేసిన మడిలో నాటుట ఒకటి. దీనిని అక్కడివారు ఉభాలు అంటారు. తొలకరి పదునులో విత్తనాన్ని నేరుగా చల్లుట రెండవది, ఇది ఎద. ఒకే గట్టుకు ఇరుప్రక్కల ఈ రెండు మడులూ ఉన్నచో ఎదమడిలోనే కలుపు దట్టంగా లేస్తుంది. నేల ఒకటే, వాన ఒకటే. మరి ఈ భేదమెందుకు? దీనికి సమాధానం దొరకుటకు సుమారు వంద సంవత్సరాలు పట్టింది.

ఎవరూ చల్లని గింజలు మడిలోనికి ఎట్లు వచ్చినవి అనేది మొదటి ప్రశ్న. ఇంగ్లండులో ఛార్లెస్ డార్విన్ ఒక చిన్న కొలనులో నీటి అడుగున మూడు చోట్ల నుండి 3 పెద్ద చెంచాల బురద తీసి, తన గదిలో మూతపెట్టి 6 నెలలు ఉంచాడు. మొలచిన ప్రతి మొక్కను పెరికి లెక్కించగా 537 తేలినవి! ఆరిన పిమ్మట ఆ బురద 7 ఔన్సులైనా తూగలేదు. 1859లో వెలువడిన ‘జాతుల ఉత్పత్తి’ గ్రంథంలో ఆయన ఈ సంగతి వ్రాశాడు.

ఆ గింజలు ఎంతకాలం బ్రతుకుతాయి? 1879లో అమెరికాలోని మిచిగన్‌లో విలియం జేమ్స్ బీల్ అనే ఆచార్యుడు ఇసుకతో కలిపిన గింజలను 20 సీసాలలో నింపి భూమిలో పాతిపెట్టాడు. అన్ని జాతులూ నిలువలేదు. కాని 2021లో తీసిన సీసాలో సైతం కొన్ని గింజలు మొలచినవి.

బ్రతికి ఉన్న గింజ, తేమ ఉన్నా, నేలలో ఎందుకు మొలవదు? 1952లో అమెరికా వ్యవసాయశాఖవారి బెల్ట్స్‌విల్ కేంద్రంలో బోర్త్‌విక్, హెండ్రిక్స్ మొదలగువారు దీనికొక కీలకం కనుగొన్నారు. లెట్యూస్ అనే ఆకుకూర గింజలపై ఎర్రని కాంతి పడితే అవి మొలచినవి. వెంటనే కంటికి దాదాపు కనబడని దూరపు ఎరుపు కాంతి పడితే ఆగిపోయినవి. ఎన్నిమార్లు మార్చినా చివర పడిన కాంతిదే తీర్పు. ఈ కాంతిని గుర్తించే పదార్థం మొక్కలలో ఉన్నదని 1959లో రుజువైంది. దానిపేరు ఫైటోక్రోమ్. పచ్చని ఆకులు ఎర్రని కాంతిని పీల్చుకొని, దూరపు ఎరుపును క్రిందికి విడుస్తాయి. కనుకనే పైరు కమ్ముకొన్న తరువాత అనేక కలుపు గింజలు నిద్ర లేవవు.

ఇక వరిమడి సంగతి. నీరు నిలువగానే మట్టిలోని ప్రాణవాయువు త్వరలోనే ఖర్చైపోతుంది. పగటి వేడిమికి, రాత్రి చల్లదనానికి గల తేడా తగ్గుతుంది. ఈ తేడానే సూచనగా గ్రహించి మేల్కొనే గింజలు పడుకొనే ఉంటాయి. ఊద గింజ ప్రాణవాయువు లేకున్నా మొలక ఆరంభించగలదు. ఐనా 2, 3 అంగుళాల నీటిని దాటి నిలద్రొక్కుకొనుట దానికి కష్టం. తుంగజాతుల సన్నని గింజలకు వెలుతురు తగిలే తడి నేల కావాలి. అయితే మోనోకోరియా వంటి నీటికలుపు గింజ ప్రాణవాయువు తక్కువైన బురదలోనే బాగా మొలుస్తుంది. అంటే, నీరు కలుపును పూర్తిగా రూపుమాపదు. ఏ కలుపు లేవాలో నిర్ణయిస్తుంది.

ఉభాలలో నారు అప్పటికే ఎదిగి ఉంటుంది గనుక వెంటనే నీరు నిలుపవచ్చు. ఎదమడిలో అట్లు నిలిపితే చల్లిన వరి గింజ కూడా మునిగి చెడుతుంది. వరి, కలుపు ఒకేసారి మొలచి పోటీపడతాయి. మొదటి 30, 40 దినాలే పంటకు గండం.

ఉద్దానపు ఇసుక నేలలలో నీరు నిలువదు. వంశధార ఎడమ కాలువ చివరి పొలాలకు నీరు ఆలస్యమైనా, వాన ముఖం చాటువేసినా మడి తడిసి, ఆరి, మరల తడుస్తుంది. ప్రతి తడికీ ఒక జట్టు గింజలు లేస్తాయి. ఇంటిల్లిపాదీ మరల నడుము వంచవలసిందే. కనుక తొలివానకు కలుపును మొలవనిచ్చి, దున్ని, తరువాతనే విత్తుట మేలు. మేల్కొన్న గింజనే చంపగలం, నిద్రించేదానిని కాదు.

ఇది పాఠశాలలోనే పరీక్షింపదగినది. ఒకే మడి మట్టిని మూడు కుండలలో పోయాలి. ఒకదానిని తడిగా వెలుతురులోను, రెండవదానిని 2 అంగుళాల నీటిక్రింద, మూడవదానిని తడిగా చీకటిలోను ఉంచాలి. 3 వారాల తరువాత విద్యార్థులు మొలకలను జాతివారీగా లెక్కించి, పట్టిక వ్రాసుకొనవచ్చును.