కరివేపాకు మీది పురుగు, బత్తాయి తోటకు చేటు

మంగళగిరి నుంచి తెనాలి దారి పట్టినవాళ్లకు పెదవడ్లపూడి పరిసరాల్లో కరివేపాకు తోటలు కనిపిస్తాయి. ఊరూరా పెరట్లో ఒంటి చెట్టుగా ఉండే కరివేపాకు ఇక్కడ డబ్బు తెచ్చే పైరు. కొమ్మలు కోసిన ప్రతిసారీ మోడు నుంచి కొత్త చిగురు తన్నుకొస్తుంది. ఆ చిగురు కోసం రైతుతో పాటు సిల్లా పురుగూ కాచుకుని ఉంటుంది. దాని పొడవు మూడు నాలుగు మిల్లీమీటర్లు. రెక్కల మీద గోధుమరంగు మచ్చలు. తల దించి, తోక పైకెత్తి ఆకు మీద ఏటవాలుగా కూర్చుంటుంది. గుడ్లు పెట్టేది లేత చిగుళ్ల మీదే. పసుపుపచ్చటి పిల్లపురుగులు రసం పీల్చి తేనెలాంటి జిగురు వదులుతాయి. ఆ జిగురు మీద మసి పడుతుంది, చిగురు ముడుచుకుపోతుంది. ముడుచుకున్న ఆకును బజారులో ఎవరూ కొనరు.

కరివేపాకుకు దీనివల్ల వచ్చే నష్టం దాదాపు అంతవరకే. అయితే నిమ్మ, బత్తాయి, నారింజ కూడా కరివేపాకు కుటుంబంలోవే. ఈ పురుగు వాటి మీద వాలితే ఒక్కోసారి తోటలకు తోటలే పోతాయి. ఈ సంగతి తేలడానికి అరవై ఏళ్లు పట్టింది.

తైవాన్‌లో సేకరించిన నమూనాలను చూసి 1908లో జపాన్ శాస్త్రవేత్త కువయామా దీన్ని వర్ణించాడు. డయాఫొరినా సిట్రి అన్న శాస్త్రీయ నామం అప్పటిదే. అవిభక్త భారతదేశంలో దీని మీద తొలి పెద్ద పరిశోధన పంజాబులో జరిగింది. లయల్‌పూర్‌లో, అంటే నేటి ఫైసలాబాద్‌లో, పనిచేసిన అఫ్జల్ హుస్సేన్, దీనానాథ్ 1927లో దీని పుట్టుపూర్వోత్తరాలన్నీ రాసి ప్రచురించారు. పురుగు పట్టిన చెట్లు పైనుంచి ఎండుకుంటూ రావడం వాళ్లు గమనించారు. దాని లాలాజలంలో ఏదో విషం ఉండాలని ఊహించారు. పురుగు ఒక రోగాన్ని మోసుకొస్తోందన్న ఆలోచన అప్పటికి ఎవరికీ రాలేదు.

ఈలోగా దక్షిణాదిలోనూ తోటలు ఎండుతున్నాయి. బత్తాయికి పేరుపడ్డ రాయలసీమలో, కోడూరు దగ్గరి అనంతరాజుపేట పండ్ల పరిశోధన కేంద్రంలో, కె.సి. నాయక్ వంటివారు ఏ వేరుమూలం మీద అంటు కడితే చెట్టు నిలుస్తుందో ఏళ్ల తరబడి పరీక్షించారు. ఎండు తెగులుకు ఒకరు నేలను తప్పుపట్టారు, ఒకరు నీటి నిలువను, మరొకరు జింకు లోపాన్ని. ఇవేవీ పూర్తిగా అబద్ధం కాదు. తెనాలి మార్కెట్‌కు కాయ పంపే నిమ్మ రైతుకైతే ట్రిస్టెజా అనే వేరే వైరస్ బెడద కూడా ఉంది. దాన్ని మోసేది సిల్లా కాదు, పేనుబంక. ఇన్ని జబ్బులు ఒకే చెట్టు మీద కలిసి కనిపిస్తుంటే అసలు దొంగను పట్టడం కష్టమే అయింది.

చిక్కుముడి విదేశాల్లో విడడం మొదలైంది. ఇప్పుడు గ్రీనింగ్ అని పిలిచే ఈ జబ్బు అంటు ద్వారా పాకుతుందని చైనాలో లిన్ కుంగ్ సియాంగ్ 1956లో చూపించాడు. 1965లో దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు అక్కడి మరో జాతి సిల్లా దాన్ని మోస్తోందని నిరూపించారు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన లిలియన్ ఫ్రేజర్ ఇక్కడి శాస్త్రవేత్తలతో కలిసి తోటలు చూసి, భారతదేశపు ఎండు తెగులుకు గ్రీనింగే కారణం కావచ్చని 1966లో ప్రకటించింది. మరుసటి ఏడు కపూర్, ఆయన సహచరులు మన సిల్లా ఆ రోగాన్ని ఒక చెట్టు నుంచి మరో చెట్టుకు చేరవేస్తుందని రుజువు చేశారు. అప్పటికీ అందరూ దాన్ని వైరస్ అనే అనుకున్నారు. 1970లో ఫ్రాన్స్‌లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చెట్టు ఆహార నాళాల్లో బాక్టీరియా కనిపించింది.

రోగం సోకిన ఆకు మీద పసుపు మచ్చలు నడిమి ఈనెకు రెండు వైపులా ఒకే తీరుగా ఉండవు. జింకు లోపంలో మాత్రం రెండు వైపులా సమంగా ఉంటాయి. కాయ వంకరపోయి, కింది భాగం పచ్చగానే ఉండిపోతుంది. గ్రీనింగ్ అన్న పేరు అందువల్లే వచ్చింది. ఒకసారి సోకిన చెట్టును బాగుచేసే మందు లేదు.

ఫ్లోరిడాలో ఈ పురుగు 1998లో, రోగం 2005లో కనబడ్డాయి. 2003-04లో అక్కడ 24 కోట్ల పెట్టెల నారింజ పండింది. 2022-23లో పండింది దాదాపు కోటీ 60 లక్షల పెట్టెలే. తుపాన్లు కూడా దెబ్బతీశాయి గానీ పెద్ద దెబ్బ గ్రీనింగ్‌దే.

అమెరికా వెళ్లే తెలుగువాళ్ల పెట్టెల్లోంచి విమానాశ్రయ అధికారులు పచ్చి కరివేపాకు తీసి పారేయడానికి కారణం ఇదే. 2009లో కాలిఫోర్నియాలో వాసన పట్టే కుక్క ఒకటి భారతదేశం నుంచి వచ్చిన సరుకులో కరివేపాకును పట్టించింది. దానిలో దొరికిన సిల్లాల్లో గ్రీనింగ్ బాక్టీరియా ఉన్నట్టు పరీక్షలో తేలింది.

ఈ పురుగుకు విరుగుడు కూడా మన ఉపఖండంలోనే దొరికింది. లయల్‌పూర్ సిల్లాల మీద బతికే ఒక చిన్న పరాన్న కందిరీగను వాటర్‌స్టన్ 1922లోనే వర్ణించాడు. ఇప్పుడు దాని పేరు టమారిక్సియా రేడియేటా. ఆడ కందిరీగ సిల్లా పిల్ల కింద గుడ్డు పెడుతుంది, గుడ్డులోంచి వచ్చిన పురుగు ఆ పిల్లను తినేస్తుంది. కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు ఫైసలాబాద్ వెళ్లి కందిరీగలను తెచ్చి, 2011 డిసెంబరులో రివర్‌సైడ్‌లో వదిలారు. వాటిని పెంచాలంటే ముందు సిల్లాలను పెంచాలి. బాక్టీరియా నిలవని మొక్క కావాలి కాబట్టి అక్కడి అధికారులు అందుకు కరివేపాకునే ఎంచుకున్నారు.

ఈ కందిరీగ దక్షిణ భారతంలోనూ ఉంది. కరివేపాకు మీద మందు కొట్టినప్పుడల్లా సిల్లాతో పాటు అదీ చస్తుంది. కొత్త చిగురు వచ్చేసరికి సిల్లా తిరిగొస్తుంది, కందిరీగ అంత త్వరగా కోలుకోదు. మందు అవశేషాల కారణంగా ఐరోపా సమాఖ్య భారత కరివేపాకు మీద అదనపు తనిఖీలు పెట్టాక, ఎగుమతికి పంపాలనుకునే రైతుకు పిచికారీలు తగ్గించక తప్పడం లేదు.