ముగ్గురు మనుషులు, ఒకే పాట, ఇరవై నిమిషాలు: రష్ బ్యాండ్ ‘2112’

ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకున్న రికార్డు పేరు 2112. రెండు వేల నూట పన్నెండు అని చదివితే రాక్ అభిమానులు నవ్వుతారు, ‘ట్వంటీ వన్ ట్వెల్వ్’ అనాలి. 1976లో కెనడాలోని టొరంటోలో రష్ అనే బ్యాండ్ చేసింది. ఆడియోలో గబగబా చెప్పేసినవి, టైమ్ చాలక వదిలేసినవి ఇక్కడ కాస్త నెమ్మదిగా రాస్తున్నాను. నేను సంగీతం చదువుకున్నవాణ్ణి కాదు. ఐటీఐ చేసి గల్ఫ్‌కొచ్చి బిల్డింగులు కట్టించేవాణ్ణి. సైట్లో నాతో పనిచేసిన కెనడా ఇంజనీరు ఒకాయన కారులో ఈ రికార్డు పెట్టేవాడు, అలా పట్టుకుంది నన్ను. మా క్యాంపు నుంచి సైటుకు పాతిక నిమిషాలు. మొదటి వైపు మొత్తం దారిలోనే అయిపోతుంది.

ముందు రెండు మాటలు తేల్చుకోవాలి. హార్డ్ రాక్ అంటే గిటారు శబ్దాన్ని ఆంప్లిఫయర్‌లో బొంగురుపోయేదాకా పెంచి, కింద బేస్ గిటారు, డ్రమ్స్ గట్టిగా దంచే సంగీతం. లెడ్ జెపెలిన్, డీప్ పర్పుల్ లాంటి బ్రిటన్ బ్యాండ్లు 1970 నాటికే దీన్ని ఊరూరా తిప్పేశాయి. ప్రోగ్రెసివ్ రాక్ కూడా బ్రిటన్‌దే గానీ దాని తీరు వేరు. కింగ్ క్రిమ్సన్, యెస్, జెనెసిస్ లాంటి వాళ్లకు మూడు నిమిషాల పాట చాలదు. పల్లవి, చరణం, మళ్లీ పల్లవి అనే లెక్క ఉండదు. ఒకే పాటలో నాలుగైదు భాగాలు, నడుమ తాళం మారడం, ఆర్గాన్లు, సింథసైజర్లు, వెనక ఏదో ఒక కథ. ఏడు, అయిదు దెబ్బల లెక్కలు కూడా వాడతారు. మిశ్రచాపు విన్న మన చెవికి అదేం వింత కాదు గానీ, నాలుగు దెబ్బలకు అలవాటుపడిన రాక్ జనానికి అది పెద్ద సంగతే.

ఈ రెండింటినీ కలిపి కట్టినవాళ్లలో రష్ ముందు వరసలో ఉంటుంది. పైగా మిగతా ప్రోగ్రెసివ్ బ్యాండ్లలో కీబోర్డులకే ఒక మనిషి ఉంటే, వీళ్లకు ఉన్నదే ముగ్గురు. గెడ్డీ లీ బేస్ వాయిస్తూ పాడతాడు. అలెక్స్ లైఫ్‌సన్ గిటారు. నీల్ పీర్ట్ డ్రమ్స్, పాటలు రాసేదీ అతనే. మన బుర్రకథలో కూడా ముగ్గురే కదా, కథకుడు, రాజకీయ వంత, హాస్య వంత. ముగ్గురితో ఊరంతా రాత్రి తెల్లవార్లూ కూర్చునేది. అది గుర్తొస్తే వీళ్లు చేసింది అంత నమ్మరానిదిగా అనిపించదు.

గెడ్డీ లీ తల్లిదండ్రులు పోలండ్ యూదులు, నాజీ క్యాంపుల నుంచి ప్రాణాలతో బయటపడి కెనడా చేరినవాళ్లు. అసలు పేరు గ్యారీ. తల్లి యాసలో అది ‘గెడ్డీ’ అయింది, అదే నిలిచిపోయింది. అతనికి 12 ఏళ్లప్పుడు తండ్రి పోతే తల్లే చిన్న కొట్టు నడిపి పిల్లల్ని పెంచింది. లైఫ్‌సన్‌ది సెర్బియా నుంచి వలస వచ్చిన కుటుంబం. పీర్ట్ వాళ్ల నాన్న వ్యవసాయ యంత్రాల వ్యాపారంలో ఉండేవాడు, అక్కడ స్పేర్ పార్టుల కౌంటర్లో కొడుకూ పనిచేశాడు. అంటే ముగ్గురూ పనిచేసుకు బతికే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. ఈ సంగతి తర్వాత అవసరమవుతుంది, గుర్తుపెట్టుకోండి.

1974లో మొదటి రికార్డు వాళ్లే సొంత లేబుల్ మీద వేసుకున్నారు. అందులో ‘వర్కింగ్ మ్యాన్’ అనే పాట, పొద్దున్నే లేచి పనికిపోయి సాయంత్రం ఇంటికొచ్చే మనిషి గురించి. అమెరికాలో క్లీవ్‌లాండ్ నగరంలో డోనా హాల్పర్ అనే ఆవిడ దాన్ని రేడియోలో వేసింది. ఫ్యాక్టరీల ఊరది. ‘లెడ్ జెపెలిన్ కొత్త పాటా ఇది?’ అని ఫోన్లు మోగాయట. దాంతో మెర్క్యురీ రికార్డ్స్ కాంట్రాక్టు ఇచ్చింది. అప్పటికి డ్రమ్మర్ వేరే అతను, అమెరికా టూర్‌కు ముందు తప్పుకున్నాడు. పీర్ట్ చేరిన రెండు వారాలకే, ఆగస్టు 1974లో, పిట్స్‌బర్గ్‌లో యురియా హీప్ కచేరీకి ముందు స్టేజీ ఎక్కాడు.

1975 సెప్టెంబరులో ‘కెరెస్ ఆఫ్ స్టీల్’ వచ్చింది. అందులో పన్నెండు నిమిషాల పాట ఒకటి, రెండో వైపు మొత్తం ఆక్రమించిన ఇరవై నిమిషాల పాట ఇంకొకటి. అమ్ముడుపోలేదు. రేడియోలో వేసేవాడు లేడు. హాళ్లు చిన్నవైపోయాయి, అప్పులు పెరిగాయి. ఆ టూర్‌కు వాళ్లే ‘డౌన్ ద ట్యూబ్స్’ అని పేరు పెట్టుకున్నారు. మురుగు గొట్టంలోకి కొట్టుకుపోయినట్టే అని అర్థం. లైఫ్‌సన్ మళ్లీ నాన్నతో ప్లంబింగ్ పనికి పోవడానికి, పీర్ట్ స్పేర్ పార్టుల కొట్టుకు పోవడానికి మనసులో సిద్ధపడిపోయారు.

కంపెనీ చెప్పింది ఒక్కటే: పాటలు చిన్నవి చేయండి, రేడియోకు పనికొచ్చేవి చేయండి. ఇక్కడ కంపెనీని విలన్ చేసి చెప్పడం అలవాటు. నాకలా చెప్పబుద్ధి కాదు. డబ్బు పెట్టినవాడు, రెండుసార్లు చూసి మూడోసారి లెక్క అడుగుతాడు. సైట్ మీద ‘డ్రాయింగులో లేదు, అక్కర్లేదు’ అనే మాట నేనే రోజుకు పదిసార్లు అంటాను. మేనేజర్ రే డేనియల్స్ కంపెనీ వాళ్లతో మాట్లాడి ఇంకొక్క రికార్డుకు ఒప్పించాడు.

ఆ ఒక్క అవకాశంతో ఏం చేశారు? మళ్లీ ఇరవై నిమిషాల పాటే. ఈసారి రెండో వైపు కూడా కాదు, మొదటి వైపే, సూది పెట్టగానే అదే మొదలయ్యేట్టు. లీకి, లైఫ్‌సన్‌కు 22 ఏళ్లు, పీర్ట్‌కు 23. ఎలాగూ పోయేదే అయితే మనకు నచ్చింది చేసి పోదాం అనుకున్నారు. టూర్లో హోటల్ గదుల్లో, స్టేజీ వెనక పాటలు కట్టుకుని, టొరంటో సౌండ్ స్టూడియోలో టెర్రీ బ్రౌన్‌తో కలిసి రికార్డు చేశారు.

మొదటి వైపు నిడివి 20 నిమిషాల 33 సెకన్లు. ఏడు భాగాలు. కథ సంవత్సరం 2112. గ్రహాలన్నీ ఒకే రాజ్యం కింద ఉంటాయి. సిరింక్స్ మందిరాల పూజారులు పెద్ద పెద్ద కంప్యూటర్ల సాయంతో జనం ఏం చదవాలో, ఏం వినాలో అన్నీ తేలుస్తారు. ఒకడికి జలపాతం వెనక గుహలో పాత గిటారు దొరుకుతుంది. అది ఏమిటో తెలీదు. తీగలు మీటి మీటి నేర్చుకుంటాడు. సంబరంగా పూజారులకు చూపిస్తాడు. వాళ్లు దాన్ని పనికిరాని పాత ఆటవస్తువు అని నాశనం చేస్తారు. వాడికి కల వస్తుంది, కలలో వేరే లోకం కనిపిస్తుంది. లేచాక ఈ బతుకు భరించలేక ప్రాణం తీసుకుంటాడు. కాగితం మీద రాస్తే సాదా కథే. దాన్ని వాయించిన తీరులో ఉంది అంతా.

సింథసైజర్ ఊళతో మొదలవుతుంది. అది వాయించింది హ్యూ సైమ్. అట్ట మీద ఎర్ర నక్షత్రం, దాని ముందు నిలబడ్డ మనిషి బొమ్మ గీసిందీ ఆయనే. తర్వాత ‘ఓవర్చర్’, అంటే ముందు రాబోయే భాగాల నుంచి ముక్కలు తీసి నాందిలాగా వాయించడం. దాని చివర్లో చైకోవ్‌స్కీ 1812 ఓవర్చర్ నుంచి చిన్న ముక్క దూర్చారు. 1812, 2112, తమాషా అర్థమైంది కదా.

రెండో భాగంలో పూజారులు. లీ గొంతు పైస్థాయిలో, దాదాపు అరుపు. ఆ గొంతు నచ్చనివాళ్లు చాలామంది ఉన్నారు, మొదటిసారి నాకూ చెవిలో గుచ్చుకుంది. కానీ ఇక్కడ అది గుచ్చుకోవాల్సిందే, అధికారం గొంతు అది. డ్రమ్స్ సందు ఇవ్వకుండా పడుతుంటాయి.

అది ఆగగానే నీళ్ల చప్పుడు. మూడో భాగం పేరు ‘డిస్కవరీ’. రికార్డు మొత్తంలో నాకు ఇష్టమైన చోటు ఇదే. లైఫ్‌సన్ ఏమీ రానివాడిలా తీగల్ని ఊరికే మీటుతాడు. శ్రుతి కుదరదు. ఒక్కో తీగ బిగిస్తాడు. రెండు తీగలు కలుస్తాయి, తర్వాత మూడు. కాసేపటికి చిన్న వరస తయారవుతుంది, అది మెల్లగా పాట అవుతుంది. గిటారు శ్రుతి చేసుకోవడం అందరూ స్టేజీ వెనక చేసే పని. దాన్నే తీసుకొచ్చి కథ చేశారు. లోకంలో మొదటిసారి సంగీతం పుడుతుంటే పక్కన కూర్చుని విన్నట్టు ఉంటుంది. హార్డ్ రాక్ బ్యాండ్ వాయించే ఘట్టంలో డ్రమ్స్ లేవు, బేస్ లేదు, హోరు లేదు. కంపెనీ తలుపు దగ్గర నిలబడి ఉన్న సమయంలో ఇంత నెమ్మదిగా ఉండగలగడం చిన్న ధైర్యం కాదు.

నాలుగో భాగం ‘ప్రెజెంటేషన్’. కుర్రవాడు మాట్లాడేటప్పుడు గొంతు మెత్తన, గిటారు మెత్తన. పూజారులు జవాబు చెప్పేటప్పుడు హోరు మొత్తం మీద పడిపోతుంది. మళ్లీ కుర్రవాడు, మళ్లీ పూజారులు. గాయకుడు ఒక్కడే. హరిదాసు ఒక్కడే అటు తిరిగి రాముడు, ఇటు తిరిగి రావణుడు అయినట్టు. ప్రోగ్రెసివ్ రాక్ నుంచి భాగాల కట్టుబడి, మెత్తదనం తీసుకున్నారు. హార్డ్ రాక్ నుంచి బరువు తీసుకున్నారు. రెండింటినీ రెండు పాత్రలకు పంచేశారు. రెండు శైలులు కలిపినవాళ్లు చాలామందే ఉన్నారు, ఇలా ఒకదాని మీదికి ఒకటి ఉసిగొల్పినవాళ్లు అరుదు.

చివరి భాగంలో మాటలు దాదాపు లేవు. వాయిద్యాలు గుద్దుకుంటాయి, అప్పుడు లౌడ్‌స్పీకర్లో లాగా ఒక గొంతు గ్రహాలన్నిటికీ అధికారం చేతికి తీసుకున్నామని ప్రకటిస్తుంది. ఎవరా వచ్చింది? కలలో కనిపించిన మంచివాళ్లు తిరిగొచ్చారా, పూజారులే ఇంకా గట్టిగా బిగించారా? అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటారు. వాళ్లు తిరిగొచ్చారనే నా నమ్మకం, కుర్రవాడు ఒక్క రోజు ఆగి ఉంటే చూసేవాడని.

ఇప్పుడు కాస్త చేదు సంగతి. రికార్డు అట్ట మీద అయాన్ ర్యాండ్ అనే రచయిత్రిని మేధావి అని పొగుడుతూ ఒక మాట వేశారు. 1938లో వచ్చిన ఆమె చిన్న నవల ‘యాంథెమ్’లో కూడా ఇలాంటి కథే. అక్కడ హీరో విద్యుత్ దీపం కనిపెడతాడు, పెద్దలు తిరస్కరిస్తారు. రాస్తుండగా పోలిక కనబడి పీర్ట్ ఆమె పేరు వేశాడు. ర్యాండ్ సిద్ధాంతం ఏమంటే, మనిషి తనకోసం తాను బతకాలి, ఇంకొకరి కోసం త్యాగం అనేది తప్పు. దీనివల్ల 1978లో బ్రిటన్ పత్రిక ‘ఎన్.ఎం.ఈ.’ వీళ్లని ఫాసిస్టు వాసన ఉన్నవాళ్లుగా చిత్రించింది. క్యాంపుల్లో నలిగిన తల్లిదండ్రుల కొడుకు గెడ్డీ లీకి ఆ మాట ఎలా తగిలి ఉంటుందో ఆలోచించండి. పాటలో పూజారుల రాజ్యమే నియంతల రాజ్యం, కుర్రవాడు దాని కింద నలిగినవాడు. పత్రిక అది చూడలేదు. 1984లో లీ తల్లి చెప్పిన క్యాంపు కథల నుంచి ‘రెడ్ సెక్టర్ ఏ’ అనే పాటే వచ్చింది.

ఆ నింద అన్యాయమే. అలాగని ర్యాండ్‌తో నాకు పేచీ లేకపోలేదు. స్లాబు పోసే రోజు చూడండి. పంపు ఆపరేటరు, వైబ్రేటరు పట్టుకున్న కుర్రాడు, రాత్రంతా షట్టరింగు సరిచూసిన కార్పెంటరు, వీళ్లలో ఒక్కడు లేకపోయినా పని ఆగిపోతుంది. ఒంటరి మేధావి లోకాన్ని మోస్తున్నాడనే మాట నేను పనిచేసిన ఏ సైట్లోనూ నిజం కాలేదు. తమాషా ఏమిటంటే ఈ రికార్డు కూడా ఆ మాటకు సాక్ష్యం చెప్పదు. ఒకడు రాస్తే ఇద్దరు బాణీ కట్టారు, బ్రౌన్ శబ్దం కుదిర్చాడు, సైమ్ బొమ్మ గీశాడు, డేనియల్స్ కంపెనీ గుమ్మం తొక్కాడు. గుహలో కుర్రవాడికి అలాంటి ఇద్దరు దోస్తులు ఉంటే కథ వేరేలా నడిచేది. పీర్ట్ కూడా వయసు పెరిగాక ర్యాండ్ నుంచి దూరం జరిగాడు.

రెండో వైపు అయిదు చిన్న పాటలు. ‘ఎ ప్యాసేజ్ టు బ్యాంకాక్’ గంజాయి దొరికే ఊర్లు తిరిగొచ్చే సరదా పాట. ‘టియర్స్’లో మెల్లోట్రాన్ ఉంది, మెల్లగా సాగుతుంది. ‘సమ్‌థింగ్ ఫర్ నథింగ్’ గట్టిగా ముగిస్తుంది. బాగానే ఉంటాయి. మొదటి వైపు విన్న వెంటనే వినకండి, తేలిపోతాయి.

రికార్డు బిల్‌బోర్డ్ పట్టికలో 61వ స్థానం దాకా వెళ్లింది. ఆ బ్యాండ్ మొదటి వందలోకి రావడం అదే మొదలు. మెల్లగా అమ్ముడై, 1977 నవంబరులో అమెరికాలో గోల్డ్ అయింది, తర్వాతి ఏళ్లలో 30 లక్షల కాపీలు దాటింది. ఇక కంపెనీ వాళ్ల జోలికి రాలేదు. విచిత్రం చూడండి, ఆ స్వేచ్ఛ దొరికిన నాలుగేళ్లకు, 1980లో, వాళ్లంతట వాళ్లే అయిదు నిమిషాల లోపు పాట ‘ద స్పిరిట్ ఆఫ్ రేడియో’ చేశారు, రేడియోలో మోగిపోయింది. 2013లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చినప్పుడు మాత్రం డేవ్ గ్రోల్ వాళ్లు వాయించింది 2112 ఓవర్చరే. పాత అట్ట వెనక ఫోటోలో రష్ వాళ్లు వేసుకున్న తెల్ల పట్టు బట్టల్ని వెక్కిరిస్తూ అవే వేసుకొచ్చారు.

2015లో పీర్ట్‌తో కలిసి చేసిన చివరి టూర్. పాటలు కొత్తవాటి నుంచి పాతవాటికి, వెనక్కి వాయించుకుంటూ పోయారు. 2112 భాగాలు చివరి వైపున వచ్చాయి. వాయిస్తుండగానే ఓవరాల్స్ వేసుకున్న పనివాళ్లు వచ్చి స్టేజీ మీది సామాను కొంచెం కొంచెం విప్పి తీసుకుపోతుంటారు. ఆఖరికి మిగిలేది స్కూలు హాలు తెర, కుర్చీ మీద పెట్టిన చిన్న ఆంప్లిఫయరు. అక్కడ నిలబడి వాయించిన ఆఖరి పాట, క్లీవ్‌లాండ్‌లో ఫోన్లు మోగించిన ‘వర్కింగ్ మ్యాన్’. ఆగస్టు 1న లాస్ ఏంజెలెస్ దగ్గర ఆ రాత్రి పాట అయిపోయాక పీర్ట్ డ్రమ్స్ వదిలి ముందుకొచ్చి మిగతా ఇద్దర్నీ కౌగిలించుకున్నాడు. 2020 జనవరి 7న చనిపోయాడు.