టోపీకి వేలాడే ధరచీటీ

కొత్త టోపీ కొనుక్కున్నాక ధరచీటీ తెంపి పారేయడం ఎవరైనా చేసే పనే. మిన్నీ పెర్ల్ మాత్రం యాభై ఏళ్లపాటు దాన్ని తెంపలేదు! పువ్వులు కుట్టిన గడ్డిటోపీ, దాని అంచున 1 డాలరు 98 సెంట్ల చీటీ. ఆ వేషంలో స్టేజీ మీదికొచ్చి "హౌడీ!" అని కేక పెడితే చాలు, అమెరికా పల్లెజనం తిరిగి అంత కేకా పెట్టేవారు.

ఆవిడ అసలు పేరు సారా కాలీ. 1912లో టెనెసీ రాష్ట్రంలోని సెంటర్‌విల్‌లో ఒక కలప వ్యాపారికి అయిదో ఆడపిల్లగా పుట్టింది. నాష్‌విల్ కాలేజీలో నాటకకళ చదివింది. పెద్ద నటి కావాలని ఆశ. ఈలోగా ఆర్థికమాంద్యం వచ్చి తండ్రి వ్యాపారం దెబ్బతింది. ఓ నాటక కంపెనీలో చేరి, ఊరూరా తిరుగుతూ అక్కడివాళ్లచేతే నాటకాలు వేయించేది. అలా అలబామా కొండప్రాంతంలో ఒక పెద్దావిడ ఇంట్లో బస చేసింది. ఆ పెద్దావిడ యాసా, చెప్పిన కబుర్లూ మనసులో నాటుకుపోయాయి. అందులోంచి పుట్టిందే మిన్నీ పెర్ల్, గ్రైండర్స్ స్విచ్ అనే ఊరి పెళ్లికాని పిల్ల. నిజానికి ఆ పేరుతో ఉన్నది సెంటర్‌విల్ పక్క చిన్న రైలుమలుపు!

1940లో నాష్‌విల్ రేడియోవారి శనివారం రాత్రి పల్లెపాటల కార్యక్రమం 'గ్రాండ్ ఓల్ ఆప్రీ'లోకి పిలుపొచ్చింది. కానీ రేడియోవారికి భయం. కలిగినింటి చదువుకున్న అమ్మాయి పల్లెటూరివాళ్లని వెక్కిరిస్తోందనుకుంటారేమోనని! అందుకే బాగా పొద్దుపోయాక అవకాశమిచ్చారు. తీరా చూస్తే శ్రోతల ఉత్తరాలు వెల్లువెత్తాయి. ఎందుకంటే ఆవిడ నవ్వంతా తనమీదికే తిప్పుకుంది. తన అందం, తన మగపిచ్చి, తన వింత చుట్టాలు. ఊరిని ఎక్కడా చిన్నబుచ్చలేదు.

నాకు మాత్రం ఒకచోట ముల్లు గుచ్చుకుంటుంది. మొగుడు దొరకని ఆడదాన్ని చూసి నవ్వడం ఏ దేశంలోనైనా మరీ సులువు. సారా ఆ సులువుని వాడుకుంది, కాదనను. అయితే మిన్నీ ఎన్నిసార్లు భంగపడినా, మళ్లీ శనివారానికి అదే టోపీ పెట్టుకుని ఉత్సాహంగా వచ్చేది. జాలి అడిగేది కాదు.

సారా మాత్రం 1947లో హెన్రీ కానన్ అనే విమాన పైలట్‌ని పెళ్లాడింది. నెమ్మదిగా మాట్లాడే, చక్కగా దుస్తులు ధరించే గృహిణి. 1975లో కంట్రీ సంగీతపు 'హాల్ ఆఫ్ ఫేమ్'లో చోటు దక్కింది.

1985లో రొమ్ము కాన్సర్ వచ్చింది. ఆ జబ్బు పేరు ఇరుగుపొరుగుతో కూడా గుసగుసగానే చెప్పుకునే రోజులవి. ఆవిడ దాచలేదు, బాహాటంగా మాట్లాడింది. నాష్‌విల్‌లో కాన్సర్ కేంద్రానికి తన పేరివ్వమంటే, మిన్నీ పేరు కాదు, సొంత పేరే ఇచ్చింది. 1991లో పక్షవాతం వచ్చి స్టేజీకి దూరమైంది. 1996 మార్చి 4న కన్నుమూసింది. ఆ కేంద్రానికి పెట్టిన పేరు 'సారా కానన్'.