ఆయిల్ డబ్బా మీద అక్షరాల వెనక ట్రాక్టర్ కథ

బాగా తిరిగిన పాత డీజిల్ కారుకు ఏ ఇంజిన్ ఆయిల్ పొయ్యాలని అడిగితే, "చిక్కటిది పొయ్యి, సరిపోద్ది" అంటారు మనోళ్లు. చిక్కదనం ఒక్కటే చూస్తే చాలదని లోకానికి తెలిసింది మన ట్రాక్టర్ వల్లే.

అమెరికాలో ఎస్‌ఏఈ అనే ఇంజినీర్ల సంఘం ఆయిల్ చిక్కదనానికి నంబర్లు పెట్టింది. 1931లో క్యాటర్‌పిల్లర్ వాళ్లు డీజిల్ ట్రాక్టర్ తెచ్చారు. అప్పటి ఆయిల్‌తో డీజిల్ వేడికి, మసికి పిస్టన్ రింగులు గాడిలోనే అంటుకుపోయేవి. ఎంత చిక్కటి ఆయిల్ పోసినా మసి పోదు కదా! అందుకే ఆ దశాబ్దంలోనే మసిని కడిగే మందు కలిపిన ఆయిల్ వచ్చింది. డీజిల్ బండిలో కొత్త ఆయిల్ తొందరగా నల్లబడుతోందంటే మసిని మోస్తోందన్నమాట, కంగారు పడొద్దు.

ఇప్పుడు డబ్బా చూడండి. 15డబ్ల్యూ-40లో మొదటి అంకె చలిలో పారే తీరు, రెండోది వేడెక్కాక ఉండే చిక్కదనం. సీ అక్షరంతో మొదలయ్యేది డీజిల్ గుర్తు. సీహెచ్-4 1998లో, సీఐ-4 2002లో వచ్చాయి. పొగ గొట్టంలో మసి ఫిల్టర్ లేని పాత బండ్లకు ఎక్కువగా 15డబ్ల్యూ-40, సీహెచ్-4 లేదా సీఐ-4 సరిపోతాయి. అయినా బండి పుస్తకం మాటే ముందు.

ఆయిల్ తాగుతోందని మరీ చిక్కటిది పోస్తే అరిగిన రింగు మళ్లీ పెరగదు. పైగా పొద్దున్నే స్టార్ట్ చెయ్యగానే ఆయిల్ పైకి ఎక్కడం ఆలస్యమై, టర్బో అరుగుద్ది. డబ్బా కొనే ముందు ఆ అక్షరాలు చదవండి.