రిజిస్టరుకు ఎక్కని ఇంటిపేరు: మారిషస్ తెలుగువారి పూర్వికాన్వేషణలో నామసాక్ష్యం

తెలుగువారి కుటుంబచరిత్రకు ఇంటిపేరు ప్రధానాధారం. వ్యక్తినామం ఒక మనిషితో ముగుస్తుంది. తాతపేరు మనుమనికి పెట్టే ఆచారం వల్ల అదే పేరు తరం విడిచి తరంలో మళ్లీ కనిపించి పరిశోధకుణ్ణి తికమకపెడుతుంది కూడా. ఇంటిపేరు మాత్రం తరాలను ఒక వరుసలో నిలుపుతుంది. చాలా సందర్భాలలో ఒక గ్రామాన్నో, వృత్తినో, మూలపురుషుణ్ణో స్ఫురింపజేస్తుంది. ఆ ఇంటిపేరే నమోదు కానప్పుడు పూర్వికుని జాడ ఎలా తీయాలి? వలసపాలన కాలంలో కూలి ఒప్పందాలపై సముద్రం దాటిన తెలుగువారి సంతతికి ఇది నేటికీ ఎదురవుతున్న ప్రశ్న. మారిషస్ తెలుగువారి విషయంలో దీనికి నామవిజ్ఞానం ఎంతవరకు సమాధానం ఇవ్వగలదో, ఎక్కడ ఆగిపోవాలో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

పేరు ప్రాంతాన్ని ఎలా సూచిస్తుందో ముందుగా మెదక్ ఉదాహరణతో గ్రహించవచ్చు. మెదక్ పట్టణ పరిసరాలలో దుర్గయ్య, దుర్గమ్మ అన్న పేర్లు వినగానే మంజీర ఏడు పాయలుగా చీలిన చోట వెలసిన ఏడుపాయల వనదుర్గ స్ఫురణకు వస్తుంది. పోచయ్య, ఎల్లయ్య, మల్లయ్య వంటి పేర్ల వెనుక కూడా ఆయా దేవతల ఆరాధన ఉంది. ఉత్తరాంధ్రలో అప్పన్న, అప్పలస్వామి, సింహాచలం అన్న పేర్లు ఇదే విధంగా సింహాద్రి అప్పన్న ఆరాధనను తెలుపుతాయి. పేరు దైవాన్ని, దైవం ప్రాంతాన్ని సూచించడం ఇందులోని క్రమం. అయితే దుర్గ మెదక్‌కు మాత్రమే పరిమితమైన దేవత కాదు. ‘అప్పన్న’ కూడా అప్ప, అన్న అనే బంధువాచకాల కలయికగా సింహాచలంతో సంబంధం లేకుండానే ఏర్పడవచ్చు. అందువల్ల నామసాక్ష్యం దిక్కును చూపగలదు గాని ఇల్లు చూపలేదు. ఇల్లు చూపవలసింది ఇంటిపేరు, ఊరిపేరు.

బానిసత్వం రద్దయిన తరువాత మారిషస్ చెరకు తోటలకు కూలీల అవసరం ఏర్పడింది. 1834 నవంబరు 2న ‘అట్లాస్’ ఓడలో తొలి ఒప్పంద కూలీలు పోర్ట్ లూయీ చేరారు. ఆ తరువాతి దశాబ్దాలలో దాదాపు 5 లక్షల మంది ఆ రేవులో దిగారు. వారు దిగిన ప్రదేశమైన ఆప్రవాసీ ఘాట్‌ను యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఈ వలసదారులలో తెలుగువారూ ఉన్నారు. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు పేరు మీదుగా వారికి ‘కోరంగి’ అన్న వ్యవహారం ఏర్పడింది. రేవుపేరు జాతిపేరుగా మారడం గమనార్హం. ఎక్కిన చోటు నిలిచింది. పుట్టిన ఊరు మరుగున పడింది.

వలస రిజిస్టర్లు ఇప్పుడు మారిషస్‌లో మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. వాటిలో వలసదారు సంఖ్య, పేరు, తల్లిదండ్రుల వివరం, వయస్సు, కులం, ఎత్తు, శరీరంపై గుర్తులు, జిల్లా, గ్రామం వంటి అంశాలు కనిపిస్తాయి. ఇంటిపేరుకు ప్రత్యేకమైన గడి లేదు. కలకత్తా, బొంబాయి, మద్రాసు రేవుల నుండి వచ్చిన భిన్నభాషీయులందరినీ ఒకే పట్టికలో ఇమిడ్చిన పద్ధతి ఇది. పాలనకు కావలసింది ఒక కూలీని మరొక కూలీనుండి వేరుచేయడం. ఆ పనికి సంఖ్య సరిపోయింది. 1867 నాటి కార్మిక చట్టం ఒప్పందకాలం ముగిసిన వలసదారులు ఫొటో అతికించిన గుర్తింపుపత్రం వెంట ఉంచుకోవాలని నిర్బంధించింది. తిరుగాడే కూలీలపై నిఘాకు ఉద్దేశించిన ఆ చిత్రమే నేడు కొన్ని కుటుంబాలకు పూర్వికుని ముఖం చూపే ఏకైక ఆధారం. ఈ పత్రాలను వాడే పరిశోధకుడు వాటి తొలి ప్రయోజనాన్ని మరువరాదు.

ఈ అన్వేషణను సాహిత్యంగా మలచిన రచయిత్రి నతాషా అప్పనా. మారిషస్‌లో జన్మించి ఫ్రెంచిలో రచనలు చేస్తున్న ఆమె తొలి నవల ‘లే రోషే ద పూద్ర్ దోర్’ 2003లో వెలువడింది. మారిషస్‌కు తరలిన భారతీయ కూలీల కథ అది. ఇరవై సంవత్సరాల తరువాత, 2023లో వచ్చిన ‘లా మెమ్వార్ దెలావే’లో ఆమె కల్పిత పాత్రలను విడిచి సొంత కుటుంబం వైపు తిరిగారు. 1872లో పోర్ట్ లూయీ చేరిన తన ముత్తాత తరానికి పైతరం వారిని, వారికి కేటాయించిన సంఖ్యలను, తాతల జ్ఞాపకాలను ఆధారంగా చేసుకొని ఆ గ్రంథం సాగింది. శీర్షికకు ‘వెలిసిపోయిన జ్ఞాపకం’ అని స్థూలంగా అర్థం చెప్పవచ్చు. కల్పన ముందు, సాక్ష్యాన్వేషణ తరువాత రావడం ఈ రెండు రచనల క్రమంలోని విశేషం. కుటుంబపత్రాలు తక్కువగా ఉన్నప్పుడు నవల ఖాళీలను పూరించగలదు. పూర్వికులను వారి పేర్లతో స్మరించే రచనకు ఆ స్వేచ్ఛ పరిమితం.

రచయిత్రి పేరులోని ‘అప్పనా’ తెలుగువారి ‘అప్పన్న’. మద్రాసు రేవులో వలసదారు పలికిన పేరు దుబాసీ చెవినుండి, గుమాస్తా కలంనుండి రోమను లిపిలోకి వెళ్లింది. ద్విత్వ నకారం ఒకటిగా మారింది; చివరి అచ్చును చూపడానికి ‘హెచ్’ చేరింది; ఫ్రెంచి ఉచ్చారణలో ఆ అచ్చు దీర్ఘమైంది. మారిషస్‌లో కనిపించే ‘అప్పదూ’ అన్న ఇంటిపేరు వెనుక ‘అప్పడు’ అన్న రూపాన్ని గుర్తించవచ్చు. మూర్ధన్య డకారం దంత్యమయింది. ఉకారానికి రెండు రోమను ‘ఓ’లు రాయడం వల్ల దీర్ఘం వచ్చింది. ఇక్కడ మహద్వాచక ప్రత్యయమైన ‘డు’ విలువైన సాక్ష్యం. ‘మద్రాసీ’, ‘మలబారు’ వంటి స్థూలవ్యవహారాలలో కలిసిపోయిన మనిషి తెలుగువాడని ఆ ఒక్క ప్రత్యయం చెప్పగలదు. అధికారి అడగని మాతృభాషను వ్యాకరణం నమోదు చేసింది.

మరొక పరిణామం మరింత దూరం వెళ్లింది. వలసదారుని వ్యక్తినామమే పౌర నమోదులో అతని సంతానానికి ఇంటిపేరుగా స్థిరపడింది. తెలుగు పద్ధతిలో ఇంటిపేరు ముందు, వ్యక్తినామం తరువాత ఉంటుంది; కొత్త పద్ధతిలో తండ్రి పేరు చివర చేరి శాశ్వతమైంది. అప్పన్న ఒక మనిషి పేరు కాక ఒక వంశం పేరైంది. దీనివల్ల ఒకే ఊరిలోని అన్నదమ్ముల సంతతి వేర్వేరు ఇంటిపేర్లతో విడిపోవచ్చు. ఏ సంబంధమూ లేని ఇద్దరు అప్పన్నల సంతతి ఒకే ఇంటిపేరుతో బంధువులుగా కనిపించవచ్చు. దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు 1860-1911 మధ్య వెళ్లిన 1,52,184 మంది వలసదారుల పట్టికలలోనూ ఇటువంటి చిక్కులున్నాయి. అక్కడ నాయుడు, రెడ్డి వంటి బిరుదవాచకాలు ఇంటిపేర్లుగా స్థిరపడి, వాటి ముందు ఉండవలసిన అసలు ఇంటిపేర్లను కప్పివేశాయి.

అప్పనా కుటుంబనామం ‘పాతరెడ్డి-అప్పనా’ అన్న జంటరూపంలోనూ వ్యవహారంలో ఉంది. ఇందులో ‘పాత’ విశేషణమా, ఇంటిపేరు శేషమా? ‘రెడ్డి’ కులసూచకమా, గ్రామాధికార సూచకమా, వ్యక్తినామంలో భాగమా? రోమను లిపి అచ్చుల హ్రస్వదీర్ఘాలను దాచివేస్తుంది కనుక రూపాన్ని బట్టి మాత్రమే నిర్ణయం చేయరాదు. ఇటువంటి చోట సాధ్యమైన అర్థాలన్నింటినీ చూపి ఆగడమే శాస్త్రీయం. ఇష్టమైన అర్థాన్ని ఎంచుకొని వంశవృక్షం అల్లితే, గుమాస్తా చేసిన పొరపాటుపై మరొక పొరపాటు చేరుతుంది.

ఈ చర్చ మళ్లీ మెదక్‌ను గుర్తుచేస్తుంది. సముద్రం దాటినవారికి ప్రతిగా సముద్రం దాటి వచ్చినవారూ ఆ కాలంలో ఉన్నారు. ఇంగ్లండునుండి 1895లో వచ్చిన మెథడిస్టు మతగురువు చార్లెస్ వాకర్ పోస్నెట్ మెదక్‌లో స్థిరపడి నిర్మింపజేసిన దేవాలయం 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. దాని గోపురం ఎత్తు 175 అడుగులు. కరువు రోజులలో ఆ నిర్మాణం కూలీలకు తిండి పెట్టిందని మెదక్ ప్రజలు నేటికీ చెప్పుకుంటారు. వచ్చిన వలసదారు పేరు పూర్తిగా, వంశనామంతో సహా నిలిచింది. రాళ్లు మోసిన స్థానికులు జనశ్రుతిలో ‘కూలీలు’ అన్న సమష్టి పదంగానే మిగిలారు. ఊరు విడిచి మారిషస్ వెళ్లిన కూలీకి కనీసం ఒక సంఖ్య దక్కింది. పేరు పూర్తిగా నిలవడం, సగం నిలవడం, అసలు నిలవకపోవడం అన్న ఈ తేడాలు దూరాన్ని బట్టి గాక అధికారాన్ని బట్టి ఏర్పడ్డాయని ఈ పోలిక స్పష్టం చేస్తుంది.

కాగా వలస రిజిస్టర్లలోని తెలుగు పేర్లను చదవడం చరిత్రకారుల పని మాత్రమే కాదు. వికృతరూపంలో ఉన్న గ్రామనామాన్ని సరైన గ్రామంతో పోల్చడానికి గ్రామనామ పరిశోధన కావాలి. ఈ రంగంలో యార్లగడ్డ బాలగంగాధరరావు వంటివారు వేసిన పునాది ఉంది. వ్యక్తినామాన్ని పునర్నిర్మించడానికి ధ్వనిపరిణామ జ్ఞానం, మాండలిక పరిచయం కావాలి. గ్రామం తేలిన తరువాత ఆ గ్రామంలో ఇప్పటికీ వ్యవహారంలో ఉన్న ఇంటిపేర్ల పట్టిక కావాలి. గ్రామాలవారీగా ఇంటిపేర్లను సేకరించడం తెలుగు శాఖలు చేయగల పని. వృద్ధుల జ్ఞాపకంలో, పెళ్లి శుభలేఖలలో, పాత భూమి పత్రాలలో ఆ సామగ్రి ఇంకా అందుబాటులో ఉంది. ఏదో ఒక రోజు మారిషస్‌నుండి ఒక సంఖ్య, ఒక సగం పేరు పట్టుకొని వచ్చే మనిషికి ఊరి పొలిమేర వరకైనా దారి చూపాలంటే, ఈ వైపు పట్టిక సిద్ధంగా ఉండాలి.